ఊరు ఇచ్చిన మూడు వీడ్కోళ్ళు

కళాకారుని ఆహ్వానించడం ఏ ఊరికైనా సులభం. సాగనంపడమే కష్టం. ఆహ్వానంలో కుతూహలం ఉంటుంది, రేపటి కచ్చేరీని గూర్చిన ఆశ ఉంటుంది. వీడ్కోలులో మాత్రం ఒక లెక్క ఉంటుంది. ఈ మనిషి ఇన్నాళ్ళు ఈ ఊరికి ఏమి ఇచ్చాడు, ఈ ఊరు అతనికి ఏమి ఇచ్చినది, ఇద్దరిలో ఎవరు ఎవరికి బాకీపడ్డారు అన్న లెక్క అది. పూలదండలు, శాలువలు, ప్రశంసాపత్రాలు ఆ లెక్కను కొంతసేపు కప్పి ఉంచగలవు గాని చెరిపివేయలేవు.

వీడ్కోలు పాలమూరు సీమకు చిరపరిచితమైన మాట. హైదరాబాదు నుండి కర్నూలుకు పోయే రహదారి మీద ఉన్న కొత్తకోట, దానికి సమీపాన ఉన్న వనపర్తి రోడ్డు రైలు స్టేషను ఎన్ని ప్రయాణాలను చూచి ఉంటాయో ఊహించవచ్చును. వాన ముఖం చాటువేసిన ఏడు, చేను బీడుపడిన ఏడు, మూటాముల్లె కట్టుకొని, చంటిపిల్లలను చంకన బెట్టుకొని, ఆనకట్టల పనికీ, కాలువల పనికీ, దూరపు నగరాలలో కట్టడాల పనికీ తరలిపోయిన పాలమూరు కూలీల పేరు దేశమంతటా తెలిసినదే. వారిలో పాటగాళ్ళు ఉండక మానరు. డప్పు వాయించేవారు, భజన మేళాలలో తాళం పట్టినవారు, యక్షగానాలలో వేషం కట్టినవారు ఉండక మానరు. వారెవ్వరికీ వీడ్కోలు సభలు జరగలేదు. వీడ్కోలు సభలు బడులలో జరుగుతాయి. పదవ తరగతి పిల్లలు బడి విడిచేటప్పుడు, ఉపాధ్యాయుడు బదిలీ అయినప్పుడు, బల్ల మీద తెల్లని గుడ్డ పరచి, దండలు తెచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపడం మన ఆచారం. ఆ సభలలో ఎవరు లోపల కూర్చున్నారు, ఎవరు కిటికీ చువ్వలు పట్టుకొని వెలుపల నిలుచున్నారు అన్నది సాధారణంగా ఎవరూ గమనించరు.

అది గమనించదగిన విషయమని చెప్పే ఉదాహరణ ఒకటి అమెరికా సంగీత చరిత్రలో ఉన్నది. దక్షిణ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న న్యూ ఆర్లియన్స్ నగరం తన బిడ్డ అయిన ఒక వాద్యకారునికి యాభై ఏళ్ళ వ్యవధిలో మూడు వీడ్కోళ్ళు ఇచ్చినది. ఆ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన వాయించిన సంగీతం జాజ్.

ఆశువుగా పుట్టే సంగీతం

జాజ్ అనగానే హోటళ్ళలో నాట్యాలకు తోడుగా మ్రోగే సందడి అన్న భావం మన చదువరులలో కొందరికి ఉన్నది. అది సగం మాత్రమే నిజం. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో న్యూ ఆర్లియన్స్ వీధులలో పెరిగిన ఈ సంగీతానికి వేళ్ళు చాలా లోతున ఉన్నాయి. ఆఫ్రికా నుండి ఓడలలో తెచ్చి అమ్మిన బానిసలకు ఆ నగరంలో ఆదివారంనాడు ఒక మైదానంలో కూడి, తప్పెటలు వాయించి ఆడుకొనే అవకాశం ఉండేది. కాంగో స్క్వేర్ అని ఆ మైదానానికి పేరు. ఆ తప్పెటల లయ, పొలాలలో పని చేస్తూ పాడిన పాటలు, చర్చిలోని కీర్తనలు, సైనిక వాద్యబృందాల నుండి వచ్చిన ఇత్తడి బూరలు కలిసి జాజ్ అయినాయి.

మన సంగీతంతో దీనికి ఒక పోలిక ఉన్నది. కర్ణాటక గాయకుడు కృతిని పాడి, ఆ పైన కల్పనస్వరాలలో తన మనోధర్మాన్ని చూపినట్లే, జాజ్ వాద్యకారుడు తెలిసిన ఒక వరుసను పట్టుకొని, దాని చుట్టూ అప్పటికప్పుడు కొత్త స్వరాలను అల్లుతాడు. అవధాని పద్యం చెప్పినట్లు, ముందు వ్రాసి పెట్టుకొన్నది కాక సభలోనే పుట్టినది దానికి ప్రాణం. ఈ చుట్టరికం వలననే కాబోలు, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లో చిన్నవయస్సులోనే బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వాయిస్తే అక్కడి శ్రోతలు దానిని తమకు తెలిసిన భాషగానే విన్నారు.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1901 ఆగస్టు 4న పుట్టాడు. తండ్రి ఇల్లు విడిచిపోయినాడు. బాల్యంలో తొలి సంవత్సరాలు నాయనమ్మ జోసఫిన్ వద్ద, తరువాత తల్లి మేయాన్ వద్ద, నగరంలోని నిరుపేద వాడలలో గడిచాయి. కార్నాఫ్‌స్కీ అనే యూదు కుటుంబం వారి పాత సామానుల బండి మీద పని చేసి నాలుగు డబ్బులు సంపాదించేవాడు. తొలి బూర కొనుక్కొనడానికి ఆ ఇంటివారు సాయపడ్డారని ఆయన కడదాకా కృతజ్ఞతతో తలచుకొనేవాడు. 1912 డిసెంబరు 31 రాత్రి, నూతన సంవత్సరపు సందడిలో ఒక తుపాకీని ఆకాశంలోకి పేల్చినందుకు పోలీసులు పట్టుకొని నల్లజాతి అనాథబాలుర శరణాలయంలో పెట్టారు. అక్కడ పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవానికి కార్నెట్ అనే ఇత్తడి బూర వాయించడం సక్రమంగా నేర్పాడు. శిక్షగా పంపిన చోట విద్య దొరకడం ఆ బాలుని అదృష్టం. దండించవలసిన పిల్లవానిలో వాద్యకారుని చూడగలగడం ఆ ఉపాధ్యాయుని గొప్పతనం. బడిపంతుళ్ళు మరచిపోకూడని పేరు అది.

మొదటి వీడ్కోలు: 1922

ఆ నగరంలో ఒక విచిత్రమైన ఆచారం ఉన్నది. మనిషి పోతే శవయాత్రకు బ్యాండు మేళం వస్తుంది. శ్మశానానికి పోయేటప్పుడు మేళగాళ్ళు మందగతిలో, విషాదస్వరంలో చర్చి కీర్తనలు వాయిస్తారు. ఖననమై తిరిగివచ్చేటప్పుడు అదే మేళం ఉత్సాహంతో, నాట్యం చేయించే లయతో మ్రోగుతుంది. వెంట నడిచే జనం అడుగులు వేస్తూ, రుమాళ్ళు విసురుతూ ఆడతారు. పోయినవాడు కష్టాల నుండి విముక్తుడైనాడన్న నమ్మకం దానిలో ఉన్నది, మిగిలినవారు బ్రతకాలన్న పట్టుదల కూడా ఉన్నది. పేదవారు నెలనెలా చందాలు కట్టి పరస్పర సహాయ సంఘాలు పెట్టుకొన్నారు. సభ్యుడు చనిపోతే ఖననపు ఖర్చూ, మేళపు కూలీ ఆ సంఘాలే భరించేవి.

తెలంగాణ పల్లెలలో శవం ముందు డప్పులతో నడవడం ఎరిగినవారికి ఈ దృశ్యం పరాయిదిగా తోచదు. ఒక భేదం మాత్రం ఉన్నది. అక్కడ మేళగాడు తన వారి సంఘం ఇచ్చిన కూలి తీసుకొని, తనవారి మధ్య గౌరవంగా నడిచాడు. ఇక్కడ డప్పు వాయించినవానికి ఆ పని చాలాకాలం వెట్టిగా మెడకు చుట్టుకొన్నది. ఊరందరినీ కడసారి సాగనంపినవానిని ఊరు తన నడివీధిలో సమానునిగా నడవనివ్వలేదు. వాద్యం ఒకటే అయినా వాయించేవాని స్థానాన్ని నిర్ణయించినది సంఘం.

ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూ ఆర్లియన్స్ విడిచిన రోజు కూడా టక్సీడో బ్రాస్ బ్యాండుతో కలిసి ఒక శవయాత్రలో వాయించాడు. అది 1922 ఆగస్టు. ఆయన వయస్సు ఇరవై ఒకటి. గురుతుల్యుడైన జో ఆలివర్ అంతకు నాలుగేళ్ళ క్రిందటే షికాగో చేరి పేరు గడించాడు. తన బృందంలో రెండవ కార్నెట్ వాయించడానికి రమ్మని అక్కడి నుండి తంతి పంపాడు. లూయీ ఆ పిలుపుకొరకే ఎదురుచూస్తున్నాడు. వెళ్ళవద్దని చెప్పినవారు లేకపోలేదు. అయినా ఆ సాయంత్రం తోటి వాద్యకారులు, ఇరుగుపొరుగువారు స్టేషనుకు వచ్చారు. తల్లి మేయాన్ చేప ముక్కలు పెట్టిన రొట్టె పొట్లం కట్టి ఇచ్చినది. నల్లజాతివారు కూర్చొనే పెట్టెలో ఆ పొట్లమూ, కార్నెట్టూ పట్టుకొని ఆయన ఉత్తరానికి సాగిపోయినాడు.

ఆనాటి రైళ్ళలో అటువంటి పొట్లాలు వేలు, లక్షలు. 1910 మొదలుకొని 1970 వరకు దాదాపు 60 లక్షల మంది నల్లజాతివారు దక్షిణాదిన ఉన్న పత్తిపొలాలను, జాతివివక్షను, మూకహింసను విడిచి ఉత్తర, పశ్చిమ నగరాలకు తరలిపోయినారు. చరిత్రకారులు దీనిని మహావలస అంటారు. జాజ్ షికాగోకూ, న్యూయార్కుకూ చేరినది ఈ వలసతోనే. పాలమూరు స్టేషన్లలో సద్దిమూట పట్టుకొని నిలబడిన మనిషిని చూచినవారికి ఆ రొట్టె పొట్లం అర్థమవుతుంది.

మొదటి వీడ్కోలు ఇది. దీనిలో సభ లేదు, ఉపన్యాసం లేదు. వచ్చినవారు తనవారు, ఇచ్చినది తిండి. లోపమేమీ లేని వీడ్కోలు అది.

రెండవ వీడ్కోలు: 1931

తొమ్మిదేళ్ళు గడిచాయి. షికాగోలో, న్యూయార్కులో ఆర్మ్‌స్ట్రాంగ్ చేసిన రికార్డులు జాజ్ స్వరూపాన్నే మార్చివేశాయి. అంతవరకు బృందమంతా ఒక్కుమ్మడిగా అల్లుకొనే సంగీతంలో ఒక్క వాద్యకారుడు ముందుకు వచ్చి, తన కథను తాను చెప్పుకొన్నట్లు వాయించే పద్ధతికి ఆయన ప్రాణం పోశాడు. కార్నెట్ విడిచి ట్రంపెట్ పట్టాడు. బొంగురు గొంతుతో పాడాడు. ఆ గొంతును కూడా లోకం ప్రేమించినది.

1931 జూన్‌లో ఆయన తొలిసారి సొంత ఊరికి తిరిగివచ్చాడు. స్టేషనులో బ్యాండు మేళాలు ఎదురువచ్చాయి, వీధులలో ఊరేగింపు జరిగినది. తాను పెరిగిన శరణాలయాన్ని ఆయన చూచివచ్చాడు. స్థానిక నల్లజాతి యువకుల బేస్‌బాల్ జట్టుకు దుస్తులు కొని ఇచ్చాడు. ఆ వేసవి మూడు నెలలు ఆయన కచ్చేరీలు జరిగిన స్థలం పేరు సబర్బన్ గార్డెన్స్. ఊరి అంచున, నది కరకట్టకు చేరువలో ఉన్న నాట్యశాల అది. తెల్లవారికి మాత్రమే ప్రవేశం. ఏ వాడల నుండి ఆ సంగీతం పుట్టినదో ఆ వాడల మనుషులు శ్రోతలుగా అక్కడ అడుగు పెట్టరాదు.

మొదటి రాత్రి కచ్చేరీని రేడియోలో ప్రసారం చేయవలసి ఉన్నది. పరిచయం చేయవలసిన అనౌన్సరు మైకు ముందుకు వచ్చి, ఆయన జాతిని కించపరిచే మాట పలికి, ఇతనిని పరిచయం చేయడానికి తనకు మనసొప్పడం లేదని తప్పుకొన్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ తన బృందాన్ని ఒక స్వరం నిలిపి వాయించమని కోరి, తానే మైకు వద్దకు నడిచి, తనను తాను పరిచయం చేసుకొన్నాడు. సభలో చప్పట్లు మ్రోగాయి. తరువాతి కచ్చేరీలకు కూడా పరిచయం తానే చెప్పుకొన్నాడు. అవమానానికి ఆయన ఇచ్చిన సమాధానం కచ్చేరీని సక్రమంగా నడిపించడం.

వెలుపల మరొక సభ తీరి ఉన్నది. వేలాదిగా నల్లజాతివారు కరకట్ట మీద కూర్చొని, తెరిచిన కిటికీలలో నుండి గాలితో పాటు వచ్చే ఆ ట్రంపెట్ నాదాన్ని చీకటిలో విన్నారు. తమ ఊరివాడు, తమ వీధివాడు, తమ బంధువుల శవయాత్రలలో వాయించినవాడు లోపల వాయిస్తున్నాడు. వారు గట్టు మీద ఉన్నారు.

ఆ గట్టు మీది శ్రోతల సంగతి ఆర్మ్‌స్ట్రాంగ్‌కు తెలియక కాదు. వేసవి ముగిసి ఊరు విడిచేముందు వారికొరకు ఒక ఉచిత కచ్చేరీ చేయాలని సంకల్పించాడు. నగరంలోని సైనిక గిడ్డంగుల ఆవరణలో అది జరగవలసి ఉన్నది. టిక్కెట్టు లేదు, రంగుభేదం లేదు. వార్త తెలిసి దూరపు ఊళ్ళనుండి కూడా జనం వచ్చారు. వేలమంది గేటు ముందు చేరారు. తీరా సమయానికి అధికారులు అనుమతించలేదు. గేటు తెరుచుకోలేదు. వీడ్కోలు కచ్చేరీ జరగలేదు. వచ్చినవారు వచ్చినదారినే వెనుదిరిగారు. ఆర్మ్‌స్ట్రాంగ్ తన బృందంతో ఊరు విడిచిపోయినాడు.

సంగీత చరిత్రలో జరిగిన కచ్చేరీలను గూర్చి గ్రంథాలు ఉన్నాయి. జరగని ఈ కచ్చేరీని గూర్చి చెప్పవలసినది వాటికంటె తక్కువేమీ కాదు. మూడు నెలలు ఆ నగరం ఆయన సంగీతాన్ని అనుభవించినది. వినోదానికి మూల్యం చెల్లించినది. ఆయనను ఊరేగించినది. అయినా తన మనుషులకు తాను ఒక్క పూట వాయించుకొనే స్వేచ్ఛను ఇవ్వలేకపోయినది. కళను ఆదరించి, ఆ కళ పుట్టిన ఇంటిని వెలివేసే ఆదరణలో ఆదరించినవాడు తన సుఖాన్నే చూచుకొంటాడు.

లోపలి వారు, వెలుపలి వారు

తెలుగు చదువరులకు ఈ ఘట్టం ఒక కావ్యాన్ని తలపింపజేస్తుంది. గుర్రం జాషువ మహాకవి 1941లో వెలువరించిన గబ్బిలం కావ్యంలో ఆలయ ప్రవేశం లేని ఒక నిరుపేద, ఆలయంలో స్వేచ్ఛగా తిరగగల గబ్బిలాన్ని దూతగా చేసుకొని కాశీ విశ్వనాథునికి తన మొర పంపుకొంటాడు. లోపలికి పోలేని మనిషి తన మాటను లోపలికి పంపుతాడు. న్యూ ఆర్లియన్స్ కరకట్ట మీద దీనికి విలోమమైన సంగతి జరిగినది. లోపలికి పోలేని మనుషుల వద్దకు పాట తానే వెలుపలికి వచ్చినది. గోడ రెండు చోట్లా ఉన్నది. అక్కడ గోడను దాటినది నాదం, ఇక్కడ దాటినది పద్యం.

మరొక సామ్యం కూడా చెప్పదగినది. 1895లో వినుకొండలో పుట్టిన జాషువ, కులం పేరు అడిగి కవిని తూచిన సభలను చూచాడు. గజారోహణాలను, కనకాభిషేకాలను కూడా చూచాడు. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ ఆయనను వెతుకుకొంటూ వచ్చాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ 1949లో తన ఊరి మార్డీగ్రా ఉత్సవంలో నల్లజాతివారి జూలూ ఊరేగింపుకు రాజుగా కిరీటం ధరించాడు. ఏడేళ్ళ తరువాత, 1956లో, తెల్లవారు, నల్లవారు కలిసి ఒకే వేదిక మీద ప్రదర్శన ఇవ్వరాదని ఆ లూసియానా రాష్ట్రం శాసనం చేసినది. ఆయన బృందంలో ఇరుజాతులవారూ ఉన్నారు. తోటివారిని విడిచి సొంత ఊరిలో వాయించడానికి ఆయన ఒప్పుకోలేదు. లోకమంతా తిరిగాడు గాని తిరిగి 1965లో గాని ఆ ఊరిలో ట్రంపెట్ ఎత్తలేదు. ఎప్పుడూ నవ్వుతూ కనిపించే ఆ మనిషి, 1957లో లిటిల్ రాక్ పట్టణంలో నల్లజాతి విద్యార్థులను బడిలోకి రానీయనప్పుడు, దేశాధ్యక్షుని కూడా బహిరంగంగా నిందించి, ప్రభుత్వం పంపదలచిన సోవియట్ యాత్రను కాదన్నాడు. మూసిన గేటు ఎట్లా ఉంటుందో ఆయనకు ఇంతకు ముందే తెలుసు. ఈసారి ఆ గేటు బడికి ఉన్నది.

మూడవ వీడ్కోలు: 1971

1971 జూలై 6న న్యూయార్కులో, క్వీన్స్ ప్రాంతంలోని తన ఇంటిలో ఆర్మ్‌స్ట్రాంగ్ నిద్రలోనే కన్నుమూశాడు. అదే నెల 24న గుంటూరులో జాషువ అస్తమించాడు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు, ఒకే రకపు గోడను రెండు ఖండాలలో ఎదిరించినవారు, మూడు వారాలలోపల వెళ్ళిపోయినారు.

న్యూయార్కులో జరిగిన అంత్యక్రియలు నిరాడంబరమైనవి. ప్రసిద్ధులు ఎందరో వచ్చారు, ప్రార్థనాగీతాలు పాడారు. బ్రాస్ బ్యాండు మాత్రం లేదు. ఎన్నో శవయాత్రల ముందు నడిచి ఊదిన మనిషి తన చివరి ప్రయాణంలో మేళం లేకుండానే వెళ్ళాడు.

ఆ లోటును ఆయన పుట్టిన ఊరు తీర్చినది. అదే వారంలో న్యూ ఆర్లియన్స్ నగరసభా భవనం ముందు సంతాపసభ జరిగినది. బ్రాస్ బ్యాండులు వచ్చాయి. వేలకొలది జనం ఎండలో క్రిక్కిరిసి నిలబడ్డారు. నల్లవారు, తెల్లవారు అన్న విభజన లేదు. మూయడానికి గేటు కూడా లేదు. నలభై ఏళ్ళ క్రిందట జరగకుండాపోయిన వీడ్కోలు కచ్చేరీ ఆనాటికి జరిగినదనవచ్చును. వాయించవలసినవాడు మాత్రం లేడు. తరువాత 1980లో, కాంగో స్క్వేర్ ఉన్న స్థలంలో వెలసిన ఉద్యానానికి ఆయన పేరు పెట్టారు. 2001లో ఆయన శతజయంతి నాటికి నగరపు విమానాశ్రయానికి కూడా ఆ పేరే వచ్చినది. ఇప్పుడు ఆ ఊరికి వచ్చేవారిని, ఊరు విడిచేవారిని ఆయన పేరే పలకరించి సాగనంపుతున్నది.

ఊరు బాకీ తీర్చుకొన్నదని దీనిని చూచి సంతోషించవచ్చును. సంతోషించవలసినదే. కాని 1931లో గేటు ముందు నిలబడిన వృద్ధురాలు ఎవరైనా 1971 దాకా బ్రతికి ఉండకపోవచ్చును. ఆమెకు ఆ ఊరు పడిన బాకీ ఏ ఉద్యానంతోను తీరదు. గౌరవం ఆలస్యమైతే దానిని అందుకొనవలసిన వారు కొందరు మిగలరు. విమానాశ్రయానికి పేరు పెట్టడం కంటె, ఒక సాయంకాలం ఒక గేటు తెరవడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని.

ఈ మూడు వీడ్కోళ్ళను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే మొదటిదానిలో ప్రేమ ఉన్నది, అధికారం లేదు. రెండవదానిలో అధికారం ఉన్నది, ప్రేమ లేదు. మూడవదానిలో రెండూ ఉన్నాయి గాని మనిషి లేడు. మన ఊళ్ళకు ఈ మూడింటిలోను పాఠం ఉన్నది. పాలమూరు పల్లెలలో నేటికీ డప్పు మీద వేలు ఆడించి వందమందిని నిలబెట్టగలవారు ఉన్నారు, చిందు యక్షగానంలో రాత్రంతా పాడగలవారు ఉన్నారు. వారి బిడ్డలు మన బడులలోనే చదువుతున్నారు. ఆ కళాకారుడు బ్రతుకుతెరువుకొరకు రేపు కొత్తకోట బస్సెక్కకముందే, బడి ఆవరణలో ఒక పూట కచ్చేరీ పెట్టించి, ముందు వరుసలో అతని వాడవారిని కూర్చోబెట్టి, అతని పేరును సభలో స్పష్టంగా పలికించడం ఏ ప్రధానోపాధ్యాయునికైనా సాధ్యమైన పని. పరిచయవాక్యాలు చెప్పడానికి ఒక విద్యార్థిని లేపితే మరీ మంచిది. పీటర్ డేవిస్ అనే ఆ శరణాలయపు ఉపాధ్యాయుడు చేసినది కూడా ఇంతకంటె పెద్దపని కాదు. పిల్లవాని చేతికి ఒక బూర ఇచ్చాడు, వాయించమన్నాడు, విన్నాడు.